పడుతుంది గానీ...

మా మరిది మెడలో టేపు లేకుండా నేను చూసింది రెండేసార్లు. ఒకటి అతని పెళ్ళిలో, ఇంకొకటి అపెండిక్స్ ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళినప్పుడు. మెలకువ రాగానే, "కుట్టు ఎంత పొడుగు వేశారండీ?" అని డాక్టరుని అడిగాడు. ఆయన చెప్పింది నమ్మక, ఇంటికి వచ్చాక టేపు తీసి తనే కొలుచుకున్నాడు. వీధిలో అందరూ అతన్ని కొలతల మాస్టారు అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు, పైగా మురిసిపోతాడు.

మాది యూనిఫారాలు కుట్టే షాపు. మా ఆయన పోయాక కటింగ్ బల్ల మరిది చేతికి వచ్చింది. కాజాలు, గుండీలు, చివరిసారి బట్ట తిప్పి చూసి దారాలు కత్తిరించడం నా పని. జేబుల మీదా చేతుల మీదా వచ్చే బొమ్మల పని నా కోడలిది. బొమ్మని కంప్యూటర్లో గీసి, ఏ దారం ఎటునుంచి ఎటు నడవాలో చెప్పి, ఎంబ్రాయిడరీ మిషన్‌కి పంపిస్తుంది. నా కొడుకు సరుకు బండి తోలతాడు. ఆ వారమంతా బండి మీదే ఉన్నాడు కాబట్టి ఈ కథలో అతనికి చోటు లేదు.

కోడలి కంప్యూటర్ ఉండేది కిటికీ పక్క మూలలో. ఒకప్పుడు మా ఆయన అక్కడ కూర్చుని కాలర్లు తిప్పేవాడు. వెలుతురు బాగా పడే చోటు షాపు మొత్తానికి అదొక్కటే. కోడలు కాపురానికి వచ్చిన ఏడాది నేనే ఆమెని అక్కడ కూర్చోబెట్టాను. అప్పటినుంచీ మా మరిదికి ఆ మూల మీదే కన్ను. అక్కడ రెండో కటింగ్ బల్ల వేయాలని అతని కోరిక. నెలకోసారి ఏదో వంకతో అటు వెళ్ళి, ఎవరూ చూడటం లేదనుకుని, గోడ నుంచి కిటికీ దాకా టేపు పరిచి, నిట్టూర్చి, చుట్టేసుకునేవాడు.

ఇలా ఉండగా ఒక పెద్ద ఆస్పత్రి నుంచి నర్సుల యూనిఫారాల పని వచ్చేలా కనిపించింది. జేబు మీద వాళ్ళ గుర్తు కుట్టాలి. రెక్కలు విప్పి ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. మాకంటే ముందు వేరే చోట నమూనా కుట్టించారట. దాన్ని చూసి వాళ్ళ మేట్రన్, "మా నర్సులు కోళ్ళఫారంలో పనిచేయడం లేదండీ," అని తిప్పి పంపిందట. శనివారం పొద్దున వచ్చి మా నమూనా చూస్తానని ఆమె కబురు పెట్టింది.

మంగళవారం నాడు, కొంగకి ఒక రెక్క గీసి రెండో రెక్క మొదలుపెట్టేసరికి కంప్యూటర్ తెర నీలంగా మారి ఆగిపోయింది. కోడలు దాన్ని విప్పింది, ఊదింది, తుడిచింది, మళ్ళీ బిగించింది. చివరికి మదర్‌బోర్డు పోయిందని తేల్చింది. గీసిన రెక్క మాత్రం పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉందట.

"అయితే ఆ పెట్టెకి సెలవు చెప్పేద్దాం," అన్నాడు మరిది, టేపు చేతికి చుట్టుకుంటూ.

"బోర్డు ఒక్కటి మారిస్తే చాలు చిన్నమామయ్యా," అంది కోడలు. "ప్రాసెసర్ నా దగ్గరుంది. మా తమ్ముడు కొత్తది కొనుక్కుని, తనది నాకు ఇచ్చాడు. దానికి సరిపోయే బోర్డు, ఫైళ్ళు దాచుకోవడానికి వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఒకటి, అంతే. నేనే బిగించుకుంటాను."

"బిగించుకో అమ్మా, ఎవరొద్దన్నారు? కానీ ఒక మాట. శనివారం మేట్రన్ గారు గుమ్మంలో కాలు పెట్టేసరికి ఈ పెట్టె నడవకపోతే, ఈ మూలలో బల్ల వేసేస్తా. బొమ్మలు బయట గీయించుకుందాం. నువ్వు మడతలు పెట్టే దగ్గర కూర్చుందువు గానీ."

"బయట గీయిస్తే కోడి వస్తుంది," అన్నాను నేను.

"వదినా, నువ్వు కాజాలు చూసుకో."

కోడలు కీబోర్డు మీద దుమ్ము లేకపోయినా చేతిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. మడతలు పెట్టే చోటంటే గోడౌనులో, కిటికీ కూడా లేని గది. అక్కడికి వెళ్తే ఆ పిల్ల గీత మళ్ళీ గీయదని నాకు తెలుసు. అతనికీ తెలుసనుకుంటాను. కాకపోతే అతనికి బల్ల తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

గురువారం ముగ్గురం కంప్యూటర్ సామాన్ల షాపుకి బయల్దేరాం. కొనేది కోడలు, కొలిచేది మరిది. వాళ్ళిద్దరి మధ్యా కూర్చోవడానికి నేను.

ఆ షాపాయన ఎప్పుడూ పెదాల మధ్య ఒక స్క్రూ పెట్టుకునే మాట్లాడతాడు. నేను మనసులో అతనికి స్క్రూబాబు అని పేరు పెట్టుకున్నాను. కోడలు డబ్బాలోంచి ప్రాసెసర్ తీసి చూపించింది. అగ్గిపెట్టెకంటే చిన్న బిళ్ళ. తిప్పితే కిందంతా సన్నటి బంగారు కాళ్ళు.

"చూడండి అత్తయ్యా. హుక్కు ఒక రకం, దాన్ని తగిలించే కొక్కెం ఇంకో రకం అయితే పడదు కదా. ఇదీ అంతే. ఈ కాళ్ళకి తగ్గ రంధ్రాలున్న బోర్డే కావాలి."

"కాళ్ళు పడితే చాలా?"

"చాలదు. బోర్డులో రాసి ఉంచిన బుద్ధి కూడా కొత్తదై ఉండాలి. లేకపోతే కాళ్ళు పడతాయి, ఎవరొచ్చారో మాత్రం అది గుర్తుపట్టదు."

"మా పెద్దత్తలాగా అన్నమాట," అన్నాను. "లోపలికి రానిస్తుంది, కూర్చోమంటుంది. ఎవరమ్మా నువ్వు అని మాత్రం వెళ్ళేదాకా అడుగుతూనే ఉంటుంది."

స్క్రూబాబు నవ్వబోయి, స్క్రూ పడిపోతుందని ఆగిపోయాడు. ఒక పెద్ద డబ్బా తెచ్చి విప్పాడు. ఇదైతే బుద్ధి కొత్తదే అని దాని మీద అంటించిన కాగితం చూపించాడు. కోడలికి నచ్చింది. సరే అనబోతుండగా, "ఏదీ, ఇలా ఇవ్వండి," అన్నాడు మరిది.

టేపు పొడుగ్గా పరిచాడు, అడ్డంగా పరిచాడు. కళ్ళు మూసుకుని ఏదో గుర్తు చేసుకున్నాడు.

"ఇది మన పెట్టెలో పట్టదు. రెండంగుళాల పైన ఎక్కువుంది."

"పట్టకపోవడమేమిటి మామయ్యా?"

"నిన్న నువ్వు అన్నం తింటుంటే లోపల కొలిచాను. పక్క జేబుకి పట్టని గుడ్డని పైజేబుకి కుట్టమంటావా?"

కోడలు ఫోనులో ఏదో వెతికి చూసింది. మొహం ఎర్రబడింది. "నిజమే మామయ్యా. మన పెట్టె చిన్న రకం. నేను చూసుకోలేదు."

మరిది అప్పుడు నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ పూట అతని ఛాతీ మళ్ళీ కొలిచి ఉంటే, పాత చొక్కాలన్నీ విప్పి కుట్టాల్సి వచ్చేది.

స్క్రూబాబు చిన్న బోర్డులు రెండు తెచ్చాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, అంచున రంగు దీపాలతో ఉంది. రెండోది చూడటానికి సాదాసీదా. కోడలు ఆ సాదా దాన్నే పట్టుకుని చాలాసేపు ప్రశ్నలు వేసింది.

"ఎస్‌ఎస్‌డీ పెట్టే స్లాట్లు దీనికి రెండున్నాయి కదండీ. రెండూ ఒకే రకమా?"

"కాదమ్మా. పైది వేగం రకాన్నే తీసుకుంటుంది. ఎన్‌వీఎంఈ. కిందిది ఏదిచ్చినా తీసుకుంటుంది."

"ఏదిచ్చినా?"

"ఏదిచ్చినా."

కోడలు ఒకసారి వాళ్ళ చిన్నమామయ్య మెడలో టేపు వైపు చూసింది. "అయితే ఇదే ఇవ్వండి," అంది. ఆ చూపు నేను చూశాను, కానీ దానికి అర్థమేమిటో ఆలోచించలేదు.

తర్వాత ఎస్‌ఎస్‌డీ. పెద్దదేమీ కాదు. నమిలే బబుల్‌గమ్ పట్టీలాగా సన్నగా, పలచగా ఉంది. ఒక చివర పసుపు పళ్ళు, ఆ పళ్ళ మధ్య చిన్న గాటు. ఇది ఎంత వేగమైనదో కోడలు ఉత్సాహంగా చెప్పింది. పాత కంప్యూటర్లో ఒక బొమ్మ తెరుచుకునేలోపు నేను ఒక చొక్కాకి గుండీలన్నీ కుట్టేసేదాన్ని. ఇందులోనైతే సూదిలోకి దారం ఎక్కించేలోపే తెరుచుకుంటుందట. చెప్పి, మెమరీ ముక్కలు చూడటానికి అవతలి బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఆమె అటు తిరగ్గానే మరిది టేపు తీశాడు. వెడల్పు రెండు సెంటీమీటర్ల పైన రెండు గీతలు. పొడుగు ఎనిమిది సెంటీమీటర్లు. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. అద్దాల బీరువాలో అలాంటిదే ఇంకొకటి అతని కంటబడింది.

"అది తీయండి." తీశారు. కొలిచాడు. అదే వెడల్పు, అదే పొడుగు. పళ్ళ దగ్గర చూసి కళ్ళు చిన్నవి చేశాడు. "దీనికి రెండు గాట్లున్నాయేం?"

"అది సాటా రకం సార్."

"ఏ రకమైతే ఏంటి? దానికి ఒక గాటు, దీనికి రెండు. రెండుంటే పట్టు ఎక్కువ. కాలరుకి రెండు వరసలు కుట్టు వేసినట్టు. మాకు ఇదే ఇవ్వండి."

"మాస్టారూ, అది..."

"మేం తీసుకున్న బోర్డులో పడుతుందా, పడదా? అది చెప్పండి."

"పడుతుంది గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. పడుతుందంటే చాలు. కొలత ఎప్పుడూ అబద్ధం చెప్పదు."

ఒక గాటుది బీరువాలోకి వెళ్ళిపోయింది. రెండు గాట్లది మరిది జేబులోకి వచ్చింది. నా వైపు వంగి, "వదినా, అమ్మాయికి చెప్పకు," అన్నాడు. "రేపు బిగించేటప్పుడు చూపిస్తా. గాటు తక్కువ సరుకు ఎలా అంటగడుతున్నారో ఆమెకీ తెలియాలి."

బయటికి వచ్చాం. సన్నగా తుంపర మొదలైంది. బస్టాపు దాకా వెళ్ళాక నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ స్క్రూబాబు మింగేసిన 'గానీ' నా చెవిలో గింగిరాలు తిరుగుతోంది. సగం కుట్టి వదిలేసిన కాజా చూసినట్టుంది నాకు.

"అయ్యో, నా గొడుగు షాపులో మర్చిపోయాను," అన్నాను. "మీరు ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా."

నేను లోపలికి వెళ్ళేసరికి స్క్రూబాబు బీరువా సర్దుతున్నాడు.

"నాయనా, ఇందాక మా మరిదితో పడుతుంది గానీ అన్నావు. ఆ గానీ తర్వాత ఏముంది?"

అతను నోట్లోంచి స్క్రూ తీశాడు. ఆ పని చేయడం నేను చూసింది అదే మొదటిసారి.

"అడిగారు, బతికించారు. రెండూ ఒకే కొలతమ్మా. కానీ అవి మాట్లాడే భాషలు వేరు. పై స్లాటుకి వేగం రకం భాష ఒక్కటే వచ్చు. మాస్టారు తీసుకెళ్ళింది అందులో దూరుతుంది, కూర్చుంటుంది, స్క్రూ కూడా చక్కగా బిగుస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఒకటుందనే తెలీదు."

"అయితే ఆ వేగం రకం నాకివ్వు. మా మరిది తీసుకెళ్ళినది విప్పకుండా రేపో ఎల్లుండో వెనక్కి తెచ్చిస్తా."

"అలాగేనమ్మా. పోతే, కింద స్లాటులో అయితే..."

"చాలు నాయనా, బస్సు వచ్చేస్తుంది," అని సంచీలో వేసుకుని వచ్చేశాను.

"గొడుగు దొరికిందా అత్తయ్యా?" అంది కోడలు.

"లేదమ్మా. ఎవరో పట్టుకుపోయినట్టున్నారు."

"పోనీలెండి," అంది. బస్సు వచ్చేదాకా ముగ్గురం తడుస్తూ నిలబడ్డాం.

ఇంటికి వచ్చి దాన్ని నా గుండీల డబ్బాలో, కోటు గుండీల కింద దాచాను. కోడలికి అప్పుడే చెప్పేయొచ్చు. కానీ మా మరిది కొలత తప్పడం నేను నా జన్మలో చూడలేదు. ఒక్కసారి కళ్ళారా చూసి, ఆ తర్వాత డబ్బా మూత తీద్దామనుకున్నాను. అంతకంటే చెడు ఆలోచన ఏమీ లేదు. కాకపోతే ఆ డబ్బాని ఎక్కడ పెట్టినా నాకు నమ్మకం కుదరక, సాయంత్రమంతా ఒళ్ళో పెట్టుకునే కాజాలు కుట్టాను.

శుక్రవారం పొద్దున మా కటింగ్ బల్ల ఆపరేషన్ బల్ల అయింది. కోడలు బోర్డు మీద ప్రాసెసర్ పెట్టింది. కాళ్ళు మెత్తగా దిగాయి. పైన ఫ్యాను బిగించింది, మెమరీ ముక్కలు టక్కున నొక్కింది. బోర్డు పెట్టెలో సరిగ్గా కూర్చుంది. మరిది పక్కనే నిలబడి, "చూశావా, చూశావా," అని మూడు నాలుగుసార్లు అన్నాడు.

"ఇక ఎస్‌ఎస్‌డీ," అంది కోడలు.

మరిది జేబులోంచి తీసి, ఉంగరం చూపించినట్టు అరచేతిలో పెట్టి చూపించాడు. రెండు గాట్ల కథంతా చెప్పాడు. కోడలు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇప్పుడు గొడవ అవుతుందని నేను సూది పక్కన పెట్టాను.

"అలాగే చిన్నమామయ్యా," అంది. "ఏ స్లాటులో పెట్టమంటారు?"

"పైదాంట్లో. మంచి సరుకుని ఎవరైనా కింద పెడతారా?"

పైదాంట్లోనే పెట్టింది. స్క్రూ అతనే బిగించాడు. మీట నొక్కితే దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మీద అక్షరాలు వచ్చాయి. కోడలు కాసేపు చదివి, "ఎస్‌ఎస్‌డీ లేదంటోంది," అంది.

"లేకపోవడమేంటి? నేనే కదా బిగించింది!"

మళ్ళీ ఊడదీసి, మళ్ళీ బిగించాడు. లేదంది. గట్టిగా బిగించాడు. గట్టిగా లేదంది. మరిది కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత అతని మొహం మెల్లగా విచ్చుకుంది.

"అంటే ఈ పెట్టె నడవదన్నమాట. నేను చెప్పలేదూ? మన చేతిలో ఏముంది అమ్మాయ్!"

కోడలు కుర్చీ వెనక చెయ్యి వేసి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. మొహం వాడిపోయి ఉంది. అది చూసి ఆట చాలనుకుని, పొద్దున డబ్బా పెట్టిన అలమార దగ్గరికి వెళ్ళాను. గుండీల డబ్బా అక్కడ లేదు.

వెనక్కి తిరిగి చూస్తే, మరిది అప్పటికే మూలలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొత్త బల్లకి కొలత తీయడానికి నేలమీద పెద్ద కాగితం పరిచి, అది కదలకుండా నాలుగు మూలలా బరువులు పెట్టాడు. ఒక మూల కత్తెర, ఒక మూల ఇస్త్రీపెట్టె, ఒక మూల సుద్దల పెట్టె, నాలుగో మూల నా గుండీల డబ్బా.

నేను వంగి చెయ్యి పెట్టబోయాను.

"వదినా, కదపకు! గీత జరిగిపోతుంది."

"ఒక గుండీ కావాలయ్యా."

"ఏ గుండీ?"

"కోటుది."

"ఉండు, నేనిస్తా. నువ్వు తీస్తే కాగితం లాగేస్తావు." మూత తీసి వేళ్ళతో గుండీలు కలియబెట్టాడు. ఆగాడు. ప్లాస్టిక్ గూడులో ఉన్నదాన్ని పైకి తీశాడు. "ఇదేంటి?"

"గుండీ," అన్నాను.

"రెండు రంధ్రాల గుండీ చూశాను, నాలుగు రంధ్రాల గుండీ చూశాను..."

"కొత్త రకం."

అతను గూడు తెరిచి టేపు పరిచాడు. వెడల్పు. పొడుగు. పళ్ళ దగ్గర గాటు.

"ఇది నేను వద్దన్నదే కదా! అంటే నువ్వు నిన్న వెనక్కి వెళ్ళింది గొడుగు కోసం కాదన్నమాట."

"గొడుగు కోసమే వెళ్ళాను. ఇది దొరికింది."

"వదినా!"

"సరేనయ్యా, దొరికిపోయాను. ఇప్పుడు దీన్ని పెట్టి చూద్దాం."

"ఎందుకూ పెట్టడం? అదే వెడల్పు, అదే పొడుగు. పైగా ఒక గాటు తక్కువ. రెండు గాట్లదే నడవకపోతే ఇదెలా నడుస్తుంది?"

"నడిస్తే?"

"నడవదు."

"నడిస్తే, అని అడుగుతున్నా."

కోడలు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరగలేదు. కానీ కుర్చీ మీద ఆమె వేళ్ళు కదలడం ఆగిపోయింది.

"నడిస్తే ఏం కావాలో నువ్వే చెప్పు," అన్నాడు మరిది.

"ఈ మూల అమ్మాయిది. రేపు మేట్రన్ మెచ్చుకున్నా సరే, మెచ్చుకోకపోయినా సరే. మళ్ళీ బల్ల మాట ఎత్తకూడదు. ఎవరూ చూడనప్పుడు వచ్చి టేపు పరవకూడదు."

"ఎవరు పరిచారు?" అని ఎర్రబడ్డాడు. "నడవకపోతే?"

"నా కాజాల స్టూలు కూడా తీసేసుకో. ఆ చోటూ కలిపి బల్ల వేసుకో."

అతను నా స్టూలు వైపు చూశాడు. ఎంత కలిసొస్తుందో మనసులో లెక్కేశాడు. ఆశ పుట్టింది. మెడలోంచి టేపు తీసి దాని మీద చెయ్యి వేసి, "ఒట్టు," అన్నాడు.

కోడలు బల్ల దగ్గరికి వచ్చింది. రెండు గాట్లదాన్ని తీసింది, ఒక గాటుదాన్ని పెట్టింది. మరిదిని స్క్రూ బిగించమంది. మీట నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈసారి వాటిలో ఒక వరస ఎక్కువుంది.

"వచ్చింది," అంది.

మరిది తెర దగ్గరికి ముక్కు ఆనేంత వంగాడు. వెనక్కి వచ్చి బయట ఉన్న రెండు గాట్లదాన్ని చేతిలో పట్టుకున్నాడు. మళ్ళీ కొలిచాడు. పాపం, టేపుని కూడా తిప్పి, అవతలి వైపు అంగుళాల్లో కొలిచాడు.

"తేడా లేదే!" అన్నాడు. ఇల్లు తప్పిపోయిన మనిషిలా ఉంది అతని గొంతు.

"మీ కొలత తప్పలేదు చిన్నమామయ్యా," అంది కోడలు. "ఒకే కొలతలో ఆడవాళ్ళ చొక్కా, మగవాళ్ళ చొక్కా కుట్టామనుకోండి. టేపు పెడితే రెండూ ఒకటే. గుండీలు మాత్రం ఒకదానికి కుడివైపు, ఇంకోదానికి ఎడమవైపు. టేపుకి ఆ సంగతి తెలీదు కదా."

అతను టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "అది ముందే చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది కదమ్మా," అన్నాడు.

"షాపాయన చెప్పబోతే మీరు గానీ లేదు, గీనీ లేదు అన్నారట కదా."

నేను ఉలిక్కిపడ్డాను. మరిది ఆ మాట అన్నప్పుడు ఆమె అవతలి బల్ల దగ్గర ఉంది. వినపడనంత దూరమేమీ కాదని అప్పుడు తోచింది.

కోడలు మరిది చేతిలోంచి రెండు గాట్లదాన్ని తీసుకుని, బోర్డు మీద కింద స్లాటులో పెట్టింది. మీట నొక్కింది. తెర మీద ఇంకో వరస చేరింది.

"ఇదిగో, మీది కూడా వచ్చింది. పాత డిజైన్లన్నీ ఇందులో దాచుకుంటాను."

"అంటే ఇది పనికొచ్చేదే!" మరిది మొహం వెలిగిపోయింది. "చూశావా వదినా, నేను తెచ్చింది పనికొచ్చేదే!"

నేను అతని మాట వినడం లేదు. కోడలినే చూస్తున్నాను.

"కింద పెడితే నడుస్తుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు అత్తయ్యా. ఆ బోర్డు తీసుకున్నది అందుకే. మనింట్లో ఎవరు ఏది పట్టుకొచ్చినా సర్దుకుపోయే బోర్డు కావాలి కదా."

"మరి పైన ఎందుకు పెట్టావు?"

"మామయ్య పెట్టమన్నారు."

"మరి ఆ మొహం? ఏడ్చేస్తావేమో అనుకున్నాను!"

"మీరు డబ్బా దగ్గరికి ఎప్పుడు పరిగెడతారా అని చూస్తున్నా," అంది. "నిన్న సాయంత్రమంతా దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంటే తెలియదా? అదీగాక..." తన సంచీ తెరిచి నా మడత గొడుగు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నిన్నటినుంచీ నా దగ్గరే ఉంది. షాపుకి బయల్దేరేటప్పుడు మీరే ఇచ్చారు."

వానలో తడుస్తూ నిలబడింది గుర్తొచ్చింది. గొడుగు సంచీలో పెట్టుకుని, కిమ్మనకుండా, మాతోపాటు తడిసిన మనిషి ఇది.

"ఇంత తెలిసినదానివి, ముందే కింద పెట్టేసి నడిపించొచ్చు కదే?"

కోడలు గొంతు తగ్గించింది. మరిది పెట్టె లోపల తన ఎస్‌ఎస్‌డీని చూసుకుని మురిసిపోతున్నాడు, అతనికి వినపడదు.

"కంప్యూటర్ ఎలాగైనా నడిచేది అత్తయ్యా. నాకు కావాల్సింది మూల. ఈసారి మేట్రన్ గండం గట్టెక్కితే, వచ్చే నెల ఇంకో వంక దొరుకుతుంది ఆయనకి. నేనడిగితే టేపు మీద ఒట్టు వేస్తారా? మీరు కాబట్టి వేయించారు."

ఆ రాత్రే కోడలు రెండో రెక్క కూడా గీసి, కొంగని జేబు మీద కుట్టించింది. శనివారం పొద్దున మేట్రన్ వచ్చింది. కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, జేబు మీద కొంగని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. రెక్కల దగ్గర తెలుపు మెల్లగా బూడిదరంగులోకి దిగింది. వేళ్ళతో నిమిరినా ఎక్కడా దారం లేవలేదు.

"ఎగిరిపోదు కదా?" అంది చివరికి.

"ఒంటికాలి మీద నిలబెట్టామండీ, ఎక్కడికీ పోదు," అన్నాడు మా మరిది, ఆ కాలు తనే గీసినంత ధీమాగా. ఆమె కోడలితో మాట్లాడటానికి మూలలోకి వెళ్తుంటే, వెనకే వెళ్ళి, "ఇందులో రెండు గాట్లది ఒకటుందండీ, అది నా ఎంపిక," అని కూడా చెప్పాడు. ఆమెకి అర్థమైందో లేదో, చాలా బాగుందంది.

ఆ మధ్యాహ్నమే నేను స్క్రూబాబు దగ్గరికి వెళ్ళాను. వెనక్కి తెస్తానన్నది తేవడం లేదని, రెండూ ఉంచేసుకున్నామని చెప్పి, రెండోదాని డబ్బు ఇవ్వడానికి. ఈసారి నిజంగానే చేతిలో గొడుగు పట్టుకుని వెళ్ళాను.

"ఆ రోజు నువ్వేదో చెప్పబోతే నేనూ అడ్డుపడ్డాను నాయనా. కింద స్లాటులో అయితే, అన్నావు. ఇప్పుడు తొందరేం లేదు, పూర్తిగా చెప్పు."

స్క్రూబాబు స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు.

"దానిదేముందమ్మా, కింద స్లాటులో అయితే అదీ నడుస్తుంది. మీ కోడలికి తెలుసు కదా. గురువారం సాయంత్రం ఫోను చేసింది. మా అత్తయ్య వెనక్కి వచ్చి అడిగింది కదా, వేగం రకమే పట్టుకెళ్ళిందా, ఇంకేదైనా ఇచ్చి పంపారా, అని."